వారం రోజుల మర్యాద

పోయినవారం మనం వదినా మరదళ్ళని మేడమెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, రాత్రంతా అక్కడే ఉండిపోయారని కంగారుపడకండి. పైకి వెళ్ళి పడుకున్నారు, నిద్ర మాత్రం పట్టలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వదిన బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ గొంతు విప్పిందంటే మైదానం అవతలి చివరనున్న పిల్లలు కూడా వంగి బూట్ల లేసులు సరిచేసుకునేవారు. మరదలు విదేశీ ట్రంకాల్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఆమెది తేనెగొంతు. ఆ తేనెతోనే ఎంతమందిని గంటల తరబడి లైన్లో కూర్చోబెట్టిందో లెక్కలేదు. వదిన భర్త, అంటే మరదలికి అన్నయ్య, పోయాక ఇద్దరికీ మిగిలింది రెండు చిన్న పెన్షన్లు, ఒక కోరిక. సముద్రం పక్కన బతకాలన్న ఆ కోరిక మరదలిది. సొంత దేశంలో ఆ డబ్బుకి సముద్రం పక్కన గొడుగు కూడా అద్దెకి రాదు. ఈ దేశంలో ఇల్లే వస్తుంది. ఇక్కడి భాష ఆపరేటరుకి ఉద్యోగంలో ఉన్నప్పుడే వంటబట్టింది. పెట్టేబేడా సర్దుకుని ఇద్దరూ వచ్చేశారు.

వచ్చాక చిక్కు పడింది. రిటైరైనవాళ్ళని ఇక్కడ ఉండనిచ్చే కార్డు రావాలంటే పెన్షను ఇంత ఉండాలని రూలు. విడివిడిగా చూపిస్తే ఇద్దరిదీ చాలదు. కలిపి చూపిస్తే చాలుతుంది, కాని కలపాలంటే మొగుడూ పెళ్ళాలో, ఒక తల్లి బిడ్డలో అయ్యుండాలి. వదినా మరదళ్ళంటే ఆ ఆఫీసు దృష్టిలో ఎవరికి ఎవరూ కారు. మన ఆపరేటరు కౌంటరు ముందు నిలబడి, కళ్ళు కూడా ఆర్పకుండా, "ఈవిడ మా అక్క" అనేసింది. ఇక ఏడాది అద్దెకి ఇల్లు తీసుకున్నట్టు సంతకమైన కాయితం పెడితే చాలు. దానికి గడువు ఈ వారంతో సరి. ఈలోగా ఉంటున్న చిరునామాకి ఆఫీసువాళ్ళు ఎప్పుడైనా వచ్చి చూసిపోతారు.

ఇల్లు దొరికింది. ఎలాంటి ఇల్లనుకున్నారు? పడవలకి తెరచాపలు కుట్టే ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద రెండు గదులు. కిటికీ రెక్కలు తోస్తే ఎదురుగా నీళ్ళే. "వారం ఉండి చూడండి. నన్ను మీరు చూడండి, మిమ్మల్ని నేను చూస్తాను. తరవాత మాట్లాడుకుందాం" అంది ఇంటావిడ. అంతవరకూ బాగానే ఉంది. బ్రోకరొకడు మధ్యలో దూరి, "ఆవిడకి ఇంట్లో గొడవంటే పడదు, గొంతు లేస్తే సామాను వీధిలో పెట్టేస్తుంది" అని ఆపరేటరు చెవిలో ఊదాడు. ఆ రోజునుంచీ ఈ ఇద్దరూ ఒకరినొకరు మీరు, అండి అనుకుంటూ, పిల్లుల్లా అడుగులేస్తూ వారం గడిపారు. నిన్న సాయంత్రం ఇంటావిడ మెట్ల కింద నిలబడి, నవ్వకుండా, "పొద్దున్నే కిందికి రండి" అంది. ఆవిడ వెనక ఎవరో కళ్ళజోడు దంపతులు మేడ కిటికీల వైపు చూపిస్తూ తెరల కొలతలు మాట్లాడుకుంటున్నారు. అక్కడే కదా మనం ఆగింది.

తెల్లవారింది. కిటికీలోంచి వెలుగు మంచాల మీదికి వచ్చింది. నీళ్ళ మీద పడవలు బారులు తీరి బయల్దేరుతున్నాయి. వదిన కిటికీ ముందు నిలబడి, అరవై దాటిన చేతులు పైకెత్తి, రోజూ చేసే కసరత్తు చేస్తోంది. అంకెలు మాత్రం పెదవులతోనే లెక్కపెడుతోంది. సముద్రం సంగతి మొదట ఎత్తింది మరదలే అయినా, ఈ వారంలో ఆ పిచ్చి వదినకి రెండింతలు పట్టింది. పొద్దున లేవగానే నీళ్ళున్నాయో లేదో చూసుకుని గాని పళ్ళు తోముకోవడం లేదు.

"టీ తీసుకుంటారా అండీ?" అంది మరదలు మెల్లగా.

"మీరు తీసుకుంటే తీసుకుంటానండీ" అంది వదిన, గోడకి చెప్పినట్టు.

"చక్కెర వెయ్యలేదండీ."

"మీ ఇష్టమండీ."

ఆ "అండీ" అన్న ప్రతిసారీ వదిన దవడ బిగుసుకుంటోంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా "ఏవే, పిల్లా" అని పిలిచిన మనిషిని "మీరు" అనడం ఆవిడకి ఇరుకు చెప్పులేసుకుని నడిచినట్టుంది. అయినా ఇల్లు కావాలి. ఈ ఇల్లే కావాలి. ఈ డబ్బుకి ఇలాంటిది మళ్ళీ దొరకదని ఇద్దరికీ తెలుసు. దొరక్కపోతే వారాంతానికి పెట్టెలు కట్టాల్సిందేనని కూడా తెలుసు.

కిందికి దిగారు. కింద భాగమంతా ఇంటావిడ పనిగదే. పొడవాటి బల్ల మీద ఒక తెరచాప సగం కుట్టి పరిచి ఉంది. మిగతా సగం నేలంతా ఆక్రమించింది. ఒక మూల కాన్వాసు చుట్టలు, ఇంకో మూల తాళ్ళు, డబ్బాల్లో ఇత్తడి రింగులు. గుడ్డలు తెచ్చేవాళ్ళకీ పట్టుకెళ్ళేవాళ్ళకీ అడ్డం లేకుండా వీధి తలుపు బార్లా తీసే ఉంటుంది. ఇంటావిడ అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, మైనం పట్టించిన దారంతో అంచు కుడుతోంది. సూది నా చిటికెనవేలంత ఉంటుంది. వీళ్ళని చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఇల్లు మీకివ్వలేను" అంది, ఆవిడ భాషలో.

లైను తెగిపోతే ఏం చెయ్యాలో ఆపరేటరుకి తెలుసు కాని, లైను బాగానే ఉండి అవతలివాళ్ళు ఇలా అంటే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. "ఎందుకండీ? మావల్ల ఏదైనా ఇబ్బందా? మేం చప్పుడు కూడా చెయ్యలేదే" అంది.

"అదే కదా" అంది ఇంటావిడ. అప్పుడు సూది ఆపింది. "మా చెల్లెలు ఆ రెండు గదుల్లోనే ఉండేది. నా మిషను చప్పుడు గురించి ఏదో చిన్న మాట వచ్చింది. అప్పుడు అరుచుకుని ఉంటే తీరిపోయేది. అరుచుకోలేదు. మర్యాదగా ఉండడం మొదలుపెట్టాం. ఎదురుపడితే తలూపడం, దారివ్వడం. ఏళ్ళు గడిచిపోయాయి. పైనుంచి అడుగుల చప్పుడు వచ్చేది, మాట వచ్చేది కాదు. దాని ఒంట్లో బాగాలేదని నాకు చెప్పింది పాలు పోసేవాడు. నేను మెట్లెక్కేసరికి అది మాట్లాడే స్థితిలో లేదు."

తోలుపట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. "మీరు వచ్చిన రోజు అక్కాచెల్లెళ్ళని విని ఎంత సంతోషించానో. వారం రోజులు చెవి పైనే వేసి ఉంచాను. ఒక్క నవ్వు లేదు, ఒక్క కసురు లేదు. మీ ఇద్దరికీ పడదు. ఆ నిశ్శబ్దం మళ్ళీ నా నెత్తి మీద పెట్టుకోలేను. నన్ను క్షమించండి."

వదినకి ఇందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడకి ఈ భాషలో వచ్చింది అంకెలు, "థాంక్స్" మాత్రమే. మరదలి మొహం పాలిపోవడం మాత్రం అర్థమైంది.

"ఏమంటోందండీ?"

"ఏం లేదులెండి, వదినగారూ. పైకి వెళ్ళాక చెప్తాను."

"గారు తగలెయ్య. ఏమంటోందే?"

"ఇల్లివ్వదట."

"ఎందుకట?"

"మనం మాట్లాడుకోవడం లేదట. మనిద్దరికీ పడదట."

వదిన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. బళ్ళో ఆ భంగిమ చూస్తే పిల్లలు ముందే చెవులు మూసుకునేవారు. వారం రోజులుగా అణిచిపెట్టిన గొంతు ఒక్కసారి బయటికి వచ్చింది. కిటికీ అద్దాలు ఘల్లుమన్నాయి.

"నేను చెప్పానా లేదా? ఈ వెధవ మర్యాద మనకి అచ్చిరాదని మొదటిరోజే చెప్పానా లేదా?"

"ఎప్పుడు చెప్పావు? మీ ఇష్టమండీ అన్నావు."

"అలా అనమని నేర్పింది నువ్వే కదే. ఆ బ్రోకరుగాడు చెప్పడం, నువ్వు తలూపడం. ఊళ్ళోవాళ్ళందరి మాటా వింటావు, నా మాట తప్ప."

"నీ మాట వినాల్సిన పనేముంది, వీధి చివరికి కూడా వినపడుతుంది."

"వారం నుంచి చప్పటి టీ తాగుతున్నాను. అడిగితే గొడవవుతుందని నోరు మూసుకున్నాను."

"డాక్టరు నీకు చక్కెర వద్దన్నాడు."

"మూడుపూటలా వద్దన్నాడు. ఒక్కపూట వద్దన్నాడా?"

ఇంటావిడ అదిరిపడి ఒకరి తరవాత ఒకరి మొహం చూస్తోంది. ఈ ఇద్దరికీ ఆ ధ్యాసే లేదు. తలుపు తెరిచి ఉందన్న ధ్యాస అంతకంటే లేదు. ఆపరేటరు తేనెగొంతు కూడా ఇప్పుడు పైకి లేచింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరిమీదా లేవని గొంతది. ఇంట్లో వదిన మీద మాత్రం రోజూ లేచేది.

"రాత్రుళ్ళు నీ గురకకి నేను నిద్రపోయానా? ఒక్కమాట అన్నానా?"

"నాకు గురకా?"

"గురకంటే చిన్నమాట. ముందు పెద్దపిల్లల పెరేడు, తరవాత చిన్నపిల్లల పెరేడు."

"ఓహో. నీ చెవిలో పడ్డ సముద్రం కోసం నా మోకాళ్ళు నేనే మోసుకుంటూ ఇంత దూరం వచ్చానే. నాకు దక్కిన బహుమానం ఇదన్నమాట."

చెవిలో పడ్డ సముద్రం అంటే ఏమిటో చెప్పాలి. ఈ తీరంలో ఒడ్డునే వరసగా టెలిఫోను బూతులు ఉండేవట. ఇక్కడినుంచి కాల్ వస్తే మనిషి గొంతు వెనక అలల హోరు వచ్చేది. ఆపరేటరు ఆ కాల్ కలిపేసి, వెంటనే తప్పుకోకుండా, మాటలు వినకుండా, ఆ హోరు మాత్రం కాస్సేపు వినేది. ఉద్యోగంలో ఆమె చేసిన దొంగతనం అదొక్కటే.

"నేను నిన్ను రమ్మన్నానా?" అంది ఇప్పుడు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే. "ఒక్కదాన్నే వెళ్ళి కొన్నాళ్ళుండి వచ్చేస్తానన్నాను. అటక మీంచి పెట్టె దింపి ముందు నీ బట్టలు సర్దుకున్నది ఎవరు?"

"సర్దుకోనా మరి? మీ అన్నయ్య నిన్ను నాకు అప్పజెప్పి పోయాడే. నా చెయ్యి పట్టుకుని, 'అది మొండిది, ఎప్పుడో ఒకరోజు ఎటో వెళ్ళిపోతానంటుంది, దాన్ని ఒంటరిగా వదలకు' అన్నాడు. ఆ మాటకి కట్టుబడి వచ్చాను."

ఆపరేటరు ఒక అడుగు ముందుకు వేసింది.

"నన్ను నీకు అప్పజెప్పాడా?"

"మరి ఎవరికి అప్పజెప్పుతాడు?"

"వదినా, నిన్ను నాకు అప్పజెప్పాడు." ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. "'మీ వదినకి గొంతే పెద్దది, మనిషి పిరికిది. ఒక్కతే ఇంట్లో ఉండలేదు, పైకి చెప్పుకోనూలేదు. నువ్వే కనిపెట్టుకుని ఉండు' అన్నాడు. నేను అందుకే ఇన్నాళ్ళూ కదల్లేదు. నువ్వూ వస్తావని నమ్మకం కుదిరాకే ఈ దేశం మాటెత్తాను."

"ఎప్పుడన్నాడు?"

"నువ్వు మందులకి వెళ్ళినప్పుడు."

"నాతో అన్నది నువ్వు డ్యూటీకి వెళ్ళినప్పుడు."

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వదిన గడ్డం వణికింది. ఏడుస్తుందేమో అనుకుంటుండగానే నవ్వు వచ్చేసింది. ఆ నవ్వు చూసి మరదలూ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే.

"గడుసువాడే మీ అన్నయ్య" అంది వదిన. "ఒకరి మెడకి ఒకర్ని కట్టేసి తను హాయిగా పోయాడు."

"నీ మొగుడు కాదేంటి?"

"అవునే, నా మొగుడే. అందుకే అంటున్నాను."

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ, తామెక్కడున్నారో. మెల్లగా తలలు తిప్పారు. ఇంటావిడ కాన్వాసు చుట్ట మీద కూలబడి, చెంపకి చెయ్యి ఆనించుకుని వింటోంది. బుగ్గలు తడిసిపోయి ఉన్నాయి.

"ఆగిపోయారేం? ఇంకా కానివ్వండి" అంది.

"ఆపొద్దంటోంది" అంది ఆపరేటరు.

"ఇంకేముంది, చక్కెర అయిపోయింది, గురక అయిపోయింది, మీ అన్నయ్య కూడా అయిపోయాడు."

ఇంటావిడ లేచి, గోడకి కొట్టిన మేకుకున్న తాళంచెవి తీసి వదిన చేతిలో పెట్టింది. "మీరేమనుకున్నారో నాకక్కర్లేదు. ఆ గొంతులు చాలు. ఇంట్లో ఇలాంటి చప్పుడు విని ఎన్నేళ్ళయిందో" అంది. "ఒక్కటే షరతు. పోట్లాడుకున్నప్పుడు కిటికీ తెరిచి పోట్లాడుకోండి, నాకు వినపడాలి." అద్దె కాయితం తీసి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క పక్కనపడేసి, బల్ల మీదే సంతకం పెట్టింది. కళ్ళజోడు దంపతులు వీధి మలుపు దగ్గర కనిపిస్తే కిటికీలోంచే రావద్దని చెయ్యి ఊపింది.

ఇక వదిన సంతోషం చూడాలి. తాళంచెవి పిడికిట్లో పట్టుకుని, మోకాళ్ళ సంగతి మరిచిపోయి, పరిచి ఉన్న తెరచాప చుట్టూ ఒక చుట్టు చుట్టి వచ్చింది. ఆపరేటరు కాయితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. ఇల్లు వచ్చింది. సముద్రం వచ్చింది. కార్డు కూడా వచ్చినట్టే.

"ఇక ఆ ఆఫీసువాళ్ళు ఎప్పుడొచ్చి చూసుకున్నా భయం లేదే" అంది వదిన గట్టిగా. "మనం అక్కాచెల్లెళ్ళం కామని వాళ్ళకి కలగంటే తెలియాలి."

"మెల్లగా, వదినా."

"ఇంకా మెల్లగా ఏమిటే? అత్తగారి ముందు కొత్తకోడలిలా వారం రోజులు నంగినంగిగా మాట్లాడింది చాలదూ? ఈ దేశంలో మన మాట ఎవరికర్థమవుతుంది?"

"నాకర్థమవుతుందండీ."

ఆ మాట గుమ్మం దగ్గరనుంచి వచ్చింది. అచ్చమైన తెలుగులో వచ్చింది.

నలభై దాటిన ఒకావిడ నిలబడి ఉంది. భుజాన సంచి, మెడలో ఆఫీసు కార్డు. మాట కాస్త నెమ్మదిగా, చాలా రోజుల తరవాత అటక మీంచి సామాను దించుతున్నట్టుగా ఉంది.

"ఇల్లు తనిఖీకి వచ్చానండీ. తలుపు తీసే ఉంది."

ఆపరేటరు చేతిలోని అద్దె కాయితం గబుక్కున మడిచేసింది. "ఎంతసేపయింది వచ్చి?" అని అడిగింది.

"టీలో చక్కెర దగ్గర్నించి ఉన్నానండీ." ఆవిడ నవ్వబోయి మానేసింది. "వెళ్ళిపోదామనుకున్నాను, కాళ్ళు కదల్లేదు. మా అమ్మా, మా మేనత్తా అచ్చం ఇలాగే పోట్లాడుకునేవాళ్ళు. ఈ వదినా అన్న పిలుపు విని..." అక్కడితో ఆపేసి, సంచిలోంచి కాయితాల కట్ట తీసి ఒకటి పైకి తీసింది. "ఇందులో అక్కాచెల్లెళ్ళని రాసి ఉంది."

ఇంటావిడ ఏమిటేమిటని ఆపరేటరు చెయ్యి లాగుతోంది. జీవితమంతా అవతలి మాట ఇవతలికి చేర్చిన మనిషి, ఇప్పుడు చేర్చలేక నిలబడిపోయింది. అయినా ఉద్యోగబుద్ధి పోలేదు. ఏదో ఒక సమాధానం అల్లుకుంటోంది. మా ఇంట్లో అక్కని అలాగే పిలుస్తాం అందామా, ముద్దుపేరు అందామా? గొంతు సవరించుకుంది.

వదిన ఆమె మణికట్టు పట్టుకుంది. "నువ్వాగు. ఆ రోజు కౌంటరు దగ్గర నాకు భాష రాక ఊరుకున్నాను. ఇప్పుడు వచ్చిన భాషే కదా."

తనిఖీ ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకోలేదు, గొంతు పెంచలేదు.

"ఇది నా ఆడపడుచమ్మా. మా ఆయన చెల్లెలు. రక్తసంబంధం చుక్క కూడా లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నాం. దీనికి జ్వరమొస్తే నేను లేచాను, నాకొస్తే ఇది లేచింది. ఇప్పుడు దీనికి నేను తప్ప, నాకు ఇది తప్ప ఎవరూ లేరు. మేమిద్దరం ఒకరికొకరం ఏమీ కామని మీ ఆఫీసు అంటోందట. అది వాళ్ళ భాషలో రాసుకున్న మాట. నువ్వు మన భాషలో చెప్పమ్మా, విని పెట్టెలు సర్దుకుంటాం."



తనిఖీ ఆవిడ చేతిలోని కాయితం చాలాసేపు చూసింది. తరవాత వెనక్కి తిరిగి, వీధిలోకి అటూ ఇటూ చూసి, తలుపు మూసి లోపలినుంచి గడియ పెట్టింది. ఇటు తిరిగేసరికి ఆవిడ మొహంలో ఆఫీసు కనిపించలేదు.

"పోయినేడు ఇదే రూలు కింద మా మేనత్తని వెనక్కి పంపిన కాయితం మీద సంతకం పెట్టింది నేనేనండీ" అంది. "ఆ రోజునుంచీ మా అమ్మ నన్ను మీరు అని పిలుస్తోంది."